లండన్ కాలింగ్: వెనక కూర్చున్నవాడి వైపు నుంచి

లండన్ పంక్ రాక్ బ్యాండ్ ద క్లాష్ వాళ్ల ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు అట్ట మీద ఫొటోతోనే మొదలుపెడతారు. 1979 సెప్టెంబరు, న్యూయార్క్ పల్లాడియం థియేటర్. బ్యాండ్‌లో బేస్ వాయించే పాల్ సిమనన్ కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, తన బేస్ గిటార్‌ను నేలకేసి కొట్టబోతుంటాడు. ఫొటో కాస్త మసకగా ఉందని, వాడొద్దని తీసిన పెన్నీ స్మిత్ అడ్డం చెప్పిందట. పాటగాడు జో స్ట్రమ్మర్, అట్ట డిజైన్ చేసిన రే లౌరీ కలిసి ఆమెను ఒప్పించారు. ఎల్విస్ ప్రెస్లీ మొదటి ఆల్బమ్ అట్ట మీద ఉన్న గులాబి, ఆకుపచ్చ అక్షరాలను అలాగే దించి ఈ ఫొటో చుట్టూ పెట్టారు. ఫొటో అయ్యాక స్ట్రమ్మర్ గొంతు గురించి మాట్లాడతారు, ఆ తర్వాత రాజకీయాలు. డ్రమ్స్ దగ్గరికి వచ్చేసరికి వ్యాసం అయిపోతుంది.

నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. నా కుర్చీ కూడా అక్కడే కాబట్టి. రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తాను, స్టేజీ పెద్దదైతే డ్రమ్ కిట్ వేస్తాను. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, తీర్థాలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ ఆల్బమ్ నిలబడింది టాపర్ హెడన్ అనే డ్రమ్మర్ చేతుల మీద. మిగతా ముగ్గురూ గొప్పవాళ్లే, కాదనను. కానీ ఆయన లేకపోతే వాళ్లు అనుకున్న పాటల్లో సగం అనుకోవడంతోనే ఆగిపోయేవి. ఇది నా కులాభిమానం కాదు, స్ట్రమ్మరే తర్వాతి రోజుల్లో అన్నాడు, టాపర్ దొరక్కపోతే మేం ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదని.

దీని సీడీ నాకిచ్చింది మా పార్టీలో బేస్ వాయించే అన్నయ్య. ఇస్తూ, ‘‘ఒరేయ్ తమ్ముడూ, ఇంగ్లీషు అర్థం కాలేదని పక్కన పడేయకు. వెనకాల వాడేం చేస్తున్నాడో అది విను’’ అన్నాడు. ఇప్పటికీ మా ఇద్దరికీ ఒక్క విషయంలో తగువు తెగదు. ఆల్బమ్‌ను మోసింది బేస్ అంటాడు ఆయన, డ్రమ్స్ అంటాను నేను. ఆయన వాదనా తీసిపారేసేది కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కొంచెం వెనక కథ. పంక్ రాక్ అంటే 1976, 77 ప్రాంతంలో లండన్‌లో మండిన మంట. ఉద్యోగాల్లేని కుర్రాళ్లు, మూడు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వస్తే చాలు గిటార్ పట్టుకుని స్టేజీ ఎక్కేయడం, రెండు నిమిషాల్లో పాట ముగించడం. క్లాష్ వాళ్ల మొదటి ఆల్బమ్ 1977లో అలాగే వచ్చింది. దాంట్లో డ్రమ్స్ వాయించింది టెర్రీ చైమ్స్ అనే వేరే కుర్రాడు. ఆ పాటల్లో దరువు దాదాపు ఒకటే, కాలితో కొట్టే కిక్ డ్రమ్, చేతితో కొట్టే స్నేర్ డ్రమ్, మళ్లీ కిక్, స్నేర్, ఎంత వేగంగా వీలైతే అంత వేగం. ఆ పాటలకు అదే సరిపోయింది. ఆ తర్వాత టాపర్ వచ్చాడు. అసలు పేరు నిక్ హెడన్. ‘టాపర్’ అనే పిల్లల కామిక్ పత్రికలో ఒక కోతి బొమ్మలా ఉన్నాడని సిమనన్ ఆ పేరు తగిలించాడు, అదే నిలిచిపోయింది. ఆర్కెస్ట్రాల్లోనూ ఇంతే. మా కీబోర్డు ఆయన్ని అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

1979 వచ్చేసరికి పంక్ పని అయిపోయిందని అందరూ అనేస్తున్నారు. పంక్‌లో పేరుమోసిన మరో బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ విడిపోయి ఏడాది దాటింది. క్లాష్ వాళ్లకు మేనేజర్‌తో చెడింది, చేతిలో డబ్బుల్లేవు. పిమ్లికోలో ఒక గ్యారేజీ వెనక ‘వెనిల్లా’ అనే రిహార్సల్ గది తీసుకుని అందులో కూర్చున్నారు. మధ్యలో బయటికి వెళ్లి ఫుట్‌బాల్ ఆడడం, మళ్లీ వచ్చి వాయించుకోవడం. అక్కడ వాళ్లు సొంత పాటలతో పాటు పాత రాకెన్‌రోల్, జమైకా సంగీతాలైన రెగే, స్కా, అమెరికా నల్లవాళ్ల సోల్, ఏది నచ్చితే అది వాయించారు. ఇక్కడే నాకు ఈ ఆల్బమ్ దగ్గరైంది. మా బతుకంతా అదే కదా. మొదట గణపతి పాట, దాని వెనకే ఇళయరాజా మెలొడీ, ఇంకో నిమిషంలో జానపదం, రిక్వెస్టు చీటీ వస్తే ఐటెం సాంగ్. చప్పట్లు ఆగేలోపు చెయ్యి ఇంకో లయలోకి మారిపోవాలి. గిటారిస్టు ఒక పాటలో మొహమాటంగా వాయించినా జనం పట్టించుకోరు. దరువు పరాయిదిగా పడితే మాత్రం ముందు వరసలో కూర్చున్న ముసలాయనకి కూడా తెలిసిపోతుంది.

మొదటి పాట ‘లండన్ కాలింగ్’ పెట్టండి. గిటార్లు నాలుగు దెబ్బలకీ నాలుగుసార్లు నరికినట్టు పడతాయి, డ్రమ్స్ వాటితో కలిసి కవాతులా నడుస్తాయి. పైన స్ట్రమ్మర్ అరుస్తుంటాడు. దాంట్లో పుకార్లన్నీ ప్రళయం గురించే. మంచుయుగం వస్తోందట, సూర్యుడు మీదికి వస్తున్నాడట, అణు ప్రమాదమట. అమెరికాలో త్రీమైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది అదే ఏడాది మార్చిలో. థేమ్స్ నది పొంగితే లండన్ మునుగుతుందనే భయం కూడా అప్పుడు ఉండేది. లండన్ మునిగిపోతోంది, నేనుండేది నది ఒడ్డున, అంటాడు పల్లవిలో. గోదారి గట్టు మీద పెరిగినవాడికి ఆ మాట వేరేగా తగులుతుంది. 86 వరద గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ‘లండన్ కాలింగ్’ అనే మాట యుద్ధకాలంలో బీబీసీ రేడియో ప్రసారాలు మొదలయ్యే తీరు. అంటే ఈ పాట ఒక రేడియో ప్రసారం, ప్రపంచం ముగిసిపోతుంటే ఎవడో ఇంకా మైకు ముందు కూర్చుని చదువుతున్నాడు. చివర్లో గిటార్ టిక్ టిక్ మంటూ మోర్స్ కోడ్‌లో ఎస్‌ఓఎస్ పంపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ లేకపోతే అది జారిపోతుంది, జాగ్రత్త.

ఇంత గోలలోనూ టాపర్ ఎక్కడా తొందరపడడు. పాట కంగారు పడుతోంది, ఆయన కంగారు పడడం లేదు. పంక్ డ్రమ్మర్లలో ఇది నేను చాలా తక్కువమంది దగ్గర విన్నాను.

రెండో పాట ‘బ్రాండ్ న్యూ క్యాడిలాక్’ వాళ్లది కాదు, విన్స్ టేలర్ అనే గాయకుడి 1959 నాటి రాకెన్‌రోల్ పాట. ఈ ఆల్బమ్ కోసం అన్నిటికన్నా ముందు రికార్డు చేసింది ఇదే. ఇక్కడ ప్రొడ్యూసర్ గై స్టీవెన్స్ గురించి చెప్పాలి. ఉత్తర లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో, వీళ్లు పాడుతుంటే ఆయన కుర్చీలు విసిరేవాడు, నిచ్చెన ఊపేవాడు, ఒకసారి స్ట్రమ్మర్ వాయిస్తుండగానే పియానోలో మద్యం పోసేశాడు. పిచ్చి అనుకోండి, పద్ధతి అనుకోండి, ఆ ఊపు టేపు మీదికి ఎక్కాలని ఆయన తాపత్రయం. అసలైన ఇంజనీరింగ్ పని బిల్ ప్రైస్ నెమ్మదిగా పక్కన చేసుకుపోయాడు. అలాంటి పెద్దమనిషి ప్రతి స్టూడియోలో ఒకడు ఉంటేనే ఇలాంటి ప్రొడ్యూసర్లకి పేరొస్తుంది.

‘క్యాడిలాక్’ వాయించాక వాళ్లకే తెలిసింది, పాట మొదలైన వేగం ఒకటి, ముగిసిన వేగం ఒకటి. టెంపో పరిగెత్తింది, మళ్లీ తీద్దాం అన్నారు. స్టీవెన్స్ ఒప్పుకోలేదు. రాకెన్‌రోల్ అంటేనే పరిగెత్తేది, ఇదే ఖాయం అన్నాడు. ఆ టేకే ఆల్బమ్‌లో ఉంది. ఇది తెలిశాక నేను ఆ పాటను గడియారం పక్కన పెట్టుకుని విన్నంత పనిచేశాను. నిజమే, పరిగెత్తుతుంది. కానీ నలుగురూ కలిసి పరిగెత్తుతారు. ఒక్కడు ముందుపోయి ముగ్గురు వెనకబడితే అది లయ తప్పడం. నలుగురూ ఒకేసారి కాలు సాచితే జనం లేచి నిలబడతారు. ఇప్పుడు మా స్టేజీల మీద చెవిలో క్లిక్ (లయ తప్పకుండా మోగే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని, కంప్యూటర్‌లో ట్రాక్ వేసుకుని వాయిస్తున్నాం. తప్పులుండవు. పాట మొదలైన చోటే ముగుస్తుంది, జనం కూడా కూర్చున్న చోటే ఉంటారు.

‘జిమ్మీ జాజ్’ కాస్త తాగిన నడకతో నడిచే జాజ్. దీని గురించి ఎక్కువ చెప్పను, వర్షం పడుతున్న మధ్యాహ్నం బాగుంటుంది. ‘హేట్‌ఫుల్’ మత్తుమందు అమ్మేవాడి గురించి, పైకి భలే హుషారైన పాట. మూడేళ్ల తర్వాత ఇదే టాపర్‌ను హెరాయిన్ వ్యసనం వల్ల బ్యాండ్ నుంచి తీసేశారు. అది తెలిసి వింటే ఆ హుషారు దరువు కింద ఏదో కలుక్కుమంటుంది. ఆయన స్థానంలో మళ్లీ వచ్చి కూర్చుంది పాత టెర్రీ చైమ్సే.

‘రూడీ కాంట్ ఫెయిల్’ దగ్గర ఆగుదాం. రెగే, స్కా లయలు మన చేతికి అంత సులువుగా రావు. మన దరువుల్లో మొదటి దెబ్బే గట్టిది, డప్పు అయినా, తీన్‌మార్ అయినా, సినిమా మాస్ బీట్ అయినా. రెగేలో వన్‌డ్రాప్ అనే నడక ఉంటుంది, మనం ‘ఒకటి’ అని కాలు తట్టే చోట అక్కడేమీ ఉండదు. మూడో చోట కిక్, స్నేర్ కలిసి పడతాయి. మధ్య సందుల్లో గిటార్ చెక్ చెక్ అంటుంది. మొదటిసారి వాయించబోతే చెయ్యి దానంతట అదే ఒకటి మీద పడిపోతుంది, దాన్ని ఆపుకోవడమే అక్కడ పని. లండన్‌లో జమైకా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల మధ్య పెరిగిన కుర్రాళ్లకు ఈ సంగీతం పక్కింటి చప్పుడు. సిమనన్ పెరిగిన బ్రిక్స్‌టన్ అలాంటి పేటే. అందుకే ‘రూడీ’లో అరువు తెచ్చుకున్న వాసన లేదు. హార్న్స్, అంటే ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు, వాయించినవాళ్లు ఐరిష్ హార్న్స్ అనే బృందం, ఆర్గన్ మిక్కీ గల్లాఘర్. టాపర్ హై హ్యాట్ అనే జంట తాళాల మీద అలా అలా తేలుతూ, ఎక్కడ వదలాలో అక్కడ వదిలేస్తాడు. మా పార్టీలో కొత్తగా చేరే కుర్రాళ్లకు నేను ఈ పాట వినిపిస్తుంటాను. ‘‘ఇందులో ఏముంది సార్, చాలా ఈజీ’’ అంటారు. వాయించమంటే అప్పుడు ‘‘ఇంకోసారి పెట్టండి సార్’’ అంటారు.

రెండో వైపు, అంటే మొదటి రికార్డు తిప్పితే వచ్చే అయిదు పాటలు, మొత్తం ఆల్బమ్‌లో నాకు ప్రాణం. ‘స్పానిష్ బాంబ్స్’తో మొదలవుతుంది. 1979లో స్పెయిన్ పర్యాటక ప్రాంతాల్లో బాంబులు పేలుతున్న వార్తలు విని, దాన్ని 1930ల స్పెయిన్ అంతర్యుద్ధంతో కలిపేశాడు స్ట్రమ్మర్. కాల్చి చంపేసిన కవి లోర్కా పేరు పాటలోనే వస్తుంది. విచిత్రం ఏంటంటే ఇంత విషాదానికి వాళ్లు కట్టిన బాణీ ఎండలో సైకిల్ తొక్కుతున్నట్టు తేలిగ్గా ఉంటుంది. స్ట్రమ్మర్, బ్యాండ్ గిటారిస్టు మిక్ జోన్స్ ఇద్దరూ కలిసి పాడతారు, ఒకడి గొంతు గరుకు, ఇంకొకడిది మెత్తన. ఈ జంట గొంతుల పాటలు ఇంకో రెండు ఉండుంటే బాగుండేది.

‘ద రైట్ ప్రొఫైల్’ హాలీవుడ్ నటుడు మాంట్‌గమరీ క్లిఫ్ట్ గురించి. కారు ప్రమాదంలో ముఖం దెబ్బతిన్నాక తాగుడులో మునిగిపోయిన మనిషి ఆయన. స్ట్రమ్మర్ చివర్లో మాటలు వదిలేసి గొంతుతోనే ఏదేదో చేస్తాడు. నాకిది సగం నచ్చుతుంది.

తర్వాతిది ‘లాస్ట్ ఇన్ ద సూపర్‌మార్కెట్’. రాసింది స్ట్రమ్మర్, పాడింది మిక్ జోన్స్, కథ జోన్స్‌ది. జోన్స్ అమ్మమ్మ దగ్గర అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో పెరిగాడు. ఆ బాల్యం ఎలా ఉండి ఉంటుందో ఊహించి స్నేహితుడికి పాట రాసిచ్చాడు స్ట్రమ్మర్. పై ఇంట్లోవాళ్ల గొడవలు వింటూ పెరిగిన పిల్లవాడు, పెద్దయ్యాక డిస్కౌంట్ కూపన్ల మధ్య తనెవరో మరిచిపోయినవాడు. పంక్ అంటే అరుపులే అనుకునేవాళ్లకు నేను ముందు ఈ పాట పెడతాను. ఇంత మెల్లని పాటలో డ్రమ్మర్‌కు పెద్ద ప్రమాదం ఒకటుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని ఏదో ఒక ఫిల్, అంటే సందు నింపే అదనపు దరువు, వేసేయాలనిపిస్తుంది. టాపర్ ఆ ఉబలాటాన్ని అణిచిపెట్టుకున్నాడు. డిస్కోకు దగ్గరగా ఉండే నడకను మెత్తగా పట్టుకుని గాయకుడికి దారి వదిలాడు.

వెంటనే ‘క్లాంప్‌డౌన్’. ఫ్యాక్టరీలో చేరి, ప్రమోషన్ వచ్చి, చిన్న అధికారం చేతికి రాగానే కిందివాడి మీద అరవడం మొదలుపెట్టే కుర్రాడి గురించి. ఇది ఏ దేశంలో పాడినా పనికొచ్చే పాట. దరువు మళ్లీ ఇనుములా గట్టిపడుతుంది. ముందు పాట మెత్తదనం నుంచి ఈ పాటలోకి దూకడం ఒకే డ్రమ్మర్ పని అని నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు మా అన్నయ్య వాదన. ఈ వైపు ముగిసేది ‘ద గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’తో. రాసింది, పాడింది బేస్ వాయించే సిమనన్. బ్యాండ్‌లో చేరేనాటికి ఈయనకు బేస్ రాదు. ఎక్కడ ఏ స్వరం ఉందో గుర్తుండడానికి గిటార్ మెడ మీద పెయింట్‌తో రాసుకుని నేర్చుకున్నాడు. పాటలు రాసినవాళ్లకే డబ్బులొస్తాయని అర్థమయ్యాక తనూ ఒకటి రాశాడు. అదీ ఈ పాట. పోలీసులు తలుపు తన్నుకుని వస్తే చేతులెత్తి వస్తావా, తుపాకీ పట్టుకుని వస్తావా అని అడుగుతుంది. బ్రిక్స్‌టన్‌లో అల్లర్లు జరిగింది దీని తర్వాత, 1981 ఏప్రిల్‌లో. ఆ బేస్ లైన్ ఎంత బలమైందంటే 1990లో బీట్స్ ఇంటర్నేషనల్ అనే బృందం దాన్నే ఎత్తుకుని వేరే పాట కట్టి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లింది. సిమనన్‌కు గాత్రం లేదు, శ్రుతి కూడా అంతంతమాత్రమే. ఆ పాటను ఇంకెవరు పాడినా నేను వినను. ‘‘చూశావా’’ అంటాడు అన్నయ్య. ఈ ఒక్క పాట వరకు ఆయనకు వదిలేశాను.

మూడో వైపు దగ్గర నాకు కొంచెం నీరసం వస్తుంది. ‘రాంగ్ ఎమ్ బోయో’ బాగానే ఉంటుంది. ఒక పాత పాటలా మొదలై, మధ్యలో ఆపేసి, మళ్లీ మొదలుపెడదాం అని స్కా లయలోకి దూకుతుంది. ఆ మలుపు దగ్గర టాపర్‌కు నేను లేచి దండం పెడతాను. ‘డెత్ ఆర్ గ్లోరీ’లో వ్యంగ్యం వాళ్ల మీదే, చచ్చేదాకా పోరాడతాం అని పాడిన రాక్ వీరులందరూ చివరికి పెళ్లాం పిల్లలతో ఇల్లు చూసుకునే రకాలే అని. ‘కోకా కోలా’ కార్పొరేట్ ఆఫీసుల మీద వెటకారం. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది, అదే దాని సుగుణం. ‘ద కార్డ్ చీట్’లో ప్రతి వాద్యాన్నీ రెండేసిసార్లు రికార్డు చేసి పెద్ద గోడలాంటి శబ్దం కట్టారు. పియానో, హార్న్స్ అన్నీ గొప్పగా ఉంటాయి, మనసుకు మాత్రం అంత దగ్గర కాదు. సినిమా క్లైమాక్స్‌కు వేసిన బీజీఎం విడిగా విన్నట్టుంటుంది.

నాలుగో వైపు ఇంకా ఘోరంగా మొదలవుతుంది. ‘లవర్స్ రాక్’ ఈ ఆల్బమ్‌లో ఉండాల్సింది కాదు. పడకగది విషయాల మీద, గర్భనిరోధక మాత్రల మీద అమాయకపు ఉపన్యాసం. ఎదిగిన మగవాడు పాడదగ్గది కాదు. అభిమానిని కదా అని దీన్ని వెనకేసుకు రాలేను. దాని తర్వాత ‘ఫోర్ హార్స్‌మెన్’ కూడా గుర్తుండదు. డబుల్ ఆల్బమ్ అంటే ఇదే బాధ, రెండు రికార్డుల చోటు ఉంటే రెండు పాటలు దొంగదారిన లోపలికొచ్చేస్తాయి. ‘ఐమ్ నాట్ డౌన్’ మిక్ జోన్స్ ధైర్యవచనం, పర్లేదు. ‘రెవల్యూషన్ రాక్’ దగ్గర మళ్లీ ప్రాణం లేచొస్తుంది. అది వేరేవాళ్ల రెగే పాట. వీళ్లు దాన్ని సాగదీసి, హార్న్స్ కలిపి, చివర్లో పెళ్లి ఆర్కెస్ట్రాలా తయారైపోతారు. నిజంగానే. స్ట్రమ్మర్ ఆఖర్లో, ఏ కార్యక్రమానికైనా మమ్మల్ని పిలవండి అన్నట్టు ప్రకటన చదువుతాడు. అది విని నేను పడి పడి నవ్వాను. మా పార్టీ ఫ్లెక్సీ మీద సెల్ నంబరు కింద రాయించింది అదే ముక్క, శుభకార్యములకు సంప్రదించండి అని.

చివరి పాట ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ అసలు అట్ట మీద లేదు. ఒక సంగీత వారపత్రికతో పాటు ఉచితంగా పంచడానికి తీసిన పాట అది. ఆ ఏర్పాటు చెడిపోయాక ఆల్బమ్ చివర చేర్చారు. అప్పటికే అట్టలు అచ్చుకు వెళ్లిపోయాయి. పేరు లేకుండా వెళ్లిన ఆ పాటే అమెరికాలో టాప్ 30లోకి ఎక్కిన వాళ్ల మొదటి పాట అయింది. మిక్ జోన్స్ పాడిన విరహ గీతం. ఏ పాటలో అయినా ముందు గిటారో, గొంతో వినిపిస్తుంది. ఇందులో ముందు డ్రమ్స్ ఒక్కటే వస్తాయి. ఆ నడకలో ఒక చిన్న తడబాటు లాంటిది ఉంది, కావాలని వేసింది. కిక్ ఎక్కడ పడుతుందో అనుకున్న చోట పడదు, అయినా తల మాత్రం ఊగుతూనే ఉంటుంది. సోల్ సంగీతం బాగా వంటబట్టినవాడికే వచ్చే నడక అది.

ఇక్కడ నా కడుపు మండే విషయం ఒకటుంది. 1995లో గార్బేజ్ అనే బ్యాండ్ ‘స్టుపిడ్ గర్ల్’ అని పాట చేసింది. దాని కింద ఆపకుండా తిరిగేది ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ డ్రమ్స్ ముక్కే. అందుకని ఆ పాట రచయితల్లో గార్బేజ్ వాళ్లతో పాటు జో స్ట్రమ్మర్, మిక్ జోన్స్ పేర్లు చేర్చారు. ఎత్తుకున్నది డ్రమ్స్. వేసినవాడు టాపర్. పేర్లు గిటారిస్టులవి. చట్టం ప్రకారం అది సరే, పాట ఎవరిదో వాళ్ల పేరే పడుతుంది. దరువు మాత్రం ఎవరి సొత్తూ కాదనేది సంగీత వ్యాపారంలో అన్ని దేశాల్లోనూ ఉన్న లెక్క. మా దగ్గరా అంతే, సీడీ మీద గాయకుల ఫొటోలుంటాయి, ప్యాడ్స్ వాయించినవాడి పేరు ‘రిథమ్స్’ అనే మాట వెనక ఎక్కడో ఉంటుంది, ఉంటే.

ఇది అసలు పంక్ ఆల్బమేనా అని అడిగేవాళ్లున్నారు. జాజ్ ఉంది, హార్న్స్ ఉన్నాయి, మెలొడీ ఉంది, ఇక పంక్ ఎక్కడుంది అని. నాకు దాని జవాబు ధరలో కనిపిస్తుంది. 1979 డిసెంబరు 14న బ్రిటన్‌లో విడుదలైనప్పుడు రెండు రికార్డులున్న ఈ ఆల్బమ్‌ను ఒక్క రికార్డు ధరకే, అయిదు పౌండ్ల ప్రాంతంలో అమ్మారు. కంపెనీ సీబీఎస్ అంత ఉదారంగా ఏమీ లేదు. ఆల్బమ్‌తో పాటు ఒక ఉచిత సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) ఇవ్వనివ్వండి అని బ్యాండ్ అడిగింది, సరే అన్నారు. అది పన్నెండంగుళాలది అయితే పర్లేదా అని అడిగింది, దానికీ సరే అన్నారు. ఆ పన్నెండంగుళాల రికార్డు మీద ఎనిమిది పాటలు ఎక్కించి, చివర్లో ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ కూడా పెట్టేశారు. మొత్తం 19 పాటలు, గంటా అయిదు నిమిషాలు. చేతిలో డబ్బులు లేని బ్యాండ్, డబ్బులు లేని వినేవాడి కోసం చేసిన మోసం అది. జుట్టు నిలబెట్టుకుని, బట్టలకు పిన్నీసులు గుచ్చుకున్నవాళ్లలో చాలామంది ఆపాటి పని చేయలేదు.

ఇంకో చిన్న సంగతి. అమెరికాలో ఇది 1980 జనవరిలో వచ్చింది కాబట్టి రోలింగ్ స్టోన్ పత్రిక దీన్ని ఏకంగా 80ల దశకపు అత్యుత్తమ ఆల్బమ్‌గా ఎంచింది. 79లో పుట్టినవాడికి 80ల పతకం. మనకు సంబంధించిన సంగతి కూడా ఒకటుంది, స్ట్రమ్మర్ తండ్రి పుట్టింది లక్నోలో. బ్రిటిష్ విదేశాంగ శాఖలో పనిచేసేవాడు, అందుకే కొడుకు అంకారాలో పుట్టాడు. ఊరూరా తిరిగిన ఇంట్లోంచి వచ్చాడు కనకే అన్ని ఊళ్ల సంగీతమూ తనదే అనుకున్నాడేమో. స్ట్రమ్మర్ 2002 డిసెంబరులో గుండె లోపంతో పోయాడు, యాభై ఏళ్లకే.

కొనాలనుకునేవాళ్లకు: సీడీ అయితే 19 పాటలూ ఒకదాని మీదే ఉంటాయి, సౌకర్యమే, కానీ ఏకబిగిన వింటే మూడో వైపు దగ్గర మీకూ నీరసం రావచ్చు. రికార్డ్ ప్లేయర్ ఉంటే ఎల్పీ తీసుకోండి. నాలుగు వైపులుగా విడిపోవడం ఈ పాటలకు మేలు చేస్తుంది, ‘గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’ తర్వాత లేచి రికార్డు మార్చాల్సి రావడం చాలా అవసరం. ఫోన్‌లో వినేవాళ్లు ఇదే పద్ధతిలో నాలుగైదు పాటలకు ఒకసారి ఆపండి. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు, బేస్ మొత్తం ఎగిరిపోతుంది, మా అన్నయ్య ఉసురు తగులుతుంది. 2004లో వచ్చిన ఇరవై అయిదేళ్ల ఎడిషన్‌లో ‘వెనిల్లా టేప్స్’ అనే రెండో డిస్కు ఉంది, రిహార్సల్ గదిలో తీసిన ముడి రికార్డింగులు. మామూలు శ్రోతకు అది అక్కర్లేదు, శబ్దం బాగోదు. వాయిద్యం వాయించేవాళ్లయితే అదే ముందు కొనండి. పాట ఇంకా పాట కాకముందే టాపర్ దరువు ఖాయమైపోయిన చోట్లు అందులో వినిపిస్తాయి.

కొత్తగా వినేవాళ్లు మొదటి పాట నుంచి వరసగా వెళ్లక్కర్లేదు. ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’, ‘లాస్ట్ ఇన్ ద సూపర్‌మార్కెట్’, ‘రూడీ కాంట్ ఫెయిల్’ ఈ మూడూ ముందు వినండి, ఆ తర్వాత మొదటి పాటకు రండి. ‘లవర్స్ రాక్’ వస్తే నిస్సంకోచంగా దాటేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.